కుక్క పాడైన ఆహారము తిన్నప్పుడు రైతు చేయవలసిన పనులు

పొలము కాపలాకు, గొఱ్ఱెల మందకు, కళ్ళములోని ధాన్యమునకు కుక్క చేయు సేవ రైతు సోదరులకు తెలియనిది కాదు. రాత్రి పూట అడవి పందులు చేలో దిగినను, కొట్టము వద్దకు క్రొత్తవాడు వచ్చినను ముందుగా మేలుకొనునది కుక్కయే. అయినను ఎద్దు మేత మానినచో ఆ పూటనే ఆసుపత్రికి తోలుకొనిపోవు రైతు, కుక్క వాంతి చేసికొని మూలన పడుకొనినచో “గడ్డి తిని అదే బాగుపడునులే” అని ఊరకుండుట సామాన్యముగా చూచుచున్నాము. చాల సార్లు అది బాగుపడుట నిజమే. బాగుపడని సందర్భములు ఏవి, వాటిని ముందుగా ఎట్లు గుర్తించవలెను, ఇంటివద్ద ఏమి చేయవచ్చును, ఏమి చేయరాదు అను విషయములను ఈ పాఠమున తెలిసికొందము.

ఒక ఉదాహరణము తీసికొందము. వైశాఖమాసములో ఒక ఇంట పెండ్లి జరిగినది. విస్తళ్ళు, మిగిలిన పులుసు, పెరుగన్నము, మాంసపు ఎముకలు అన్నియు పెరటి గోడ వెనుక కుప్ప పోసిరి. రెండు దినములు ఎండలో అది పులిసినది. మూడవనాటి సాయంకాలము ఇంటి కుక్క అందులో కడుపార తిని వచ్చినది. నడిరేయి వాంతులు మొదలైనవి. ఇంటివారిలో ఒకరు ఉప్పునీరు పట్టుమనిరి; ఇంకొకరు నూనె పోయుమనిరి. నోరు తెరచి రెండును పోసిరి. తెల్లవారుసరికి కుక్క ఆయాసపడుచున్నది. ఈ ఇంటివారు మంచి మనసుతోనే ఆ పనులు చేసిరి. కాని పాడైన ఆహారము చేసిన కీడుకంటె వారు చేసిన వైద్యము చేసిన కీడు ఎక్కువ. అట్లెందుకు జరిగినదో ముందు తెలియును.

కుక్క పాడైన దానిని ఎందుకు తినును?

కుక్క స్వభావముచే పాకీ జంతువు. దాని పూర్వులు వేటాడిన మాంసముతోపాటు ఇతర జంతువులు విడిచిన దానిని కూడ తిని బ్రతికినవి. కుక్క కడుపులోని ఆమ్లము గట్టిది. అందుచే మనకు పడని పాత మాంసము కొంతవరకు దానికి అరుగును. మనకు కంపు కొట్టు వాసన దానికి ఆహ్వానమువలె తోచును. ఆకలిగొన్న కుక్క, సగము కడుపుతో ఉంచబడిన కుక్క పెంటదిబ్బను వెదకుకొనుట తప్పదు. కనుక ఈ జబ్బునకు సగము కారణము పెంటకుప్పలో ఉండగా, మిగిలిన సగము ఇంటివారు పెట్టు చాలీచాలని కూటిలో కలదు.

అయితే కడుపులోని ఆమ్లము సూక్ష్మజీవులలో కొన్నింటిని చంపగలదు గాని, అవి అంతకు ముందే ఆహారములో విడిచిన విషములను పోగొట్టలేదు. ఆహారమును తిరిగి ఉడికించినను వాటిలో చాలవరకు నశింపవు. “మరిగించి పెట్టితిమి గదా” అని ధైర్యపడరాదు.

ప్రమాదము కలిగించు పదార్థములు

1. పులిసిన, కుళ్ళిన వంటకములు: ఎండకాలములో ఆరుబయట పడియున్న అన్నము, కూర, మాంసములందు సూక్ష్మజీవులు వేగముగా పెరుగును. ఇట్టివి తిన్న కుక్కకు అరగంట మొదలు కొన్ని గంటలలోగా వాంతులు, తరువాత విరేచనములు పట్టును. కొన్ని సూక్ష్మజీవుల వలన ఒకటి రెండు దినముల తరువాత కూడ జబ్బు రావచ్చును. ఈ రకము తరచుగా వచ్చునది, త్వరగా కుదురునది.

2. బూజు పట్టిన పదార్థములు: బూజు పట్టిన రొట్టె, అన్నము, పిండివంటలు, జున్ను, కుళ్ళుచున్న చెత్త యెరువు వీటిలో కొన్ని రకముల బూజులు నరములను పట్టు విషమును పుట్టించును. తిన్న అరగంట మొదలు మూడు నాలుగు గంటలలోగా కుక్క వణకును; అడుగులు తడబడును; చిన్న చప్పుడునకు ఉలికిపడును; ఒళ్ళు కాలిపోవును; పిదప ఫిట్లు వచ్చును. ఇది నిమిషములు లెక్కపెట్టవలసిన జబ్బు.

3. బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్న: తడిసిన వేరుశనగ కాయలలో, చెక్కలో, మొక్కజొన్న గింజలలో పెరుగు ఒక పచ్చని బూజు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. ఈ విషమునకు కుక్క మిక్కిలి సున్నితమైనది. ఒకే తడవ ఎక్కువగా తిన్నను, కొంచెము కొంచెముగా వారముల తరబడి తిన్నను కాలేయము చెడును. తిండి మానుట, నీరసము, రక్తపు వాంతులు, నల్లని విరేచనము, కండ్ల తెల్లగుడ్డు, చిగుళ్ళు పసుపెక్కుట, పొట్టలో నీరు చేరుట దీని గుర్తులు.

4. చచ్చిన పశువులు, కోళ్ళు: కుళ్ళిన కళేబరములలో, ముఖ్యముగా కోళ్ళ ఫారముల వద్ద పారవేసిన చచ్చిన కోళ్ళలో, బొట్యులిజము అను పక్షవాతమును కలిగించు విషము ఏర్పడవచ్చును. మొదట వెనుక కాళ్ళు సన్నగిలును. తరువాత ముందు కాళ్ళు, మెడ పడిపోవును. మొఱుగు గొంతు మారును. విచిత్రమేమనగా కుక్కకు తెలివి పోదు. యజమాని పిలిచినచో తోక కదలించును గాని లేవలేదు. తిన్న కొన్ని గంటల మొదలు ఆరు దినములలోగా ఇది కనిపించును.

5. పులిసిన పిండి, కల్లు మడ్డి: రొట్టెల పిండి కడుపులో ఇంకను పులిసి ఉబ్బును, దానినుండి సారాయము పుట్టి కుక్క మత్తుగా తూలును. కల్లు మడ్డి త్రాగినను ఇదే స్థితి. పెద్ద కుక్కలకు పొట్ట బిగిసి, వాంతి చేయబోయి ఏమియు రాకుండ ఓకరించినచో పొట్ట మెలిపడినదేమోనని అనుమానించి తక్షణము ఆసుపత్రికి చేర్చవలెను.

6. పాడైన ఆహారముతో కలిసి వచ్చునవి: పెంటకుప్పలో ఆహారమే కాదు, ఉడికిన కోడి ఎముకలు, మామిడి టెంకలు, మొక్కజొన్న కంకి బొండ్లు, నూనె వాసన పట్టిన ప్లాస్టికు సంచులు కూడ ఉండును. ఇవి ప్రేగున అడ్డుపడును. ఉల్లి, వెల్లుల్లి ఎక్కువగా గల కూరలు కుక్క రక్తమును చెఱచును. ద్రాక్షపండ్లు, ఎండుద్రాక్ష మూత్రపిండములకు హాని చేయును. పాయసములోని ఎండుద్రాక్షను కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

7. ఎరలు, మందు పట్టించిన విత్తనము: ఇది పాడైన ఆహారము కాదు గాని రైతు ఇంట రెండింటికి తేడా వెంటనే తెలియదు. చేలో ఎలుకలకు పెట్టిన జింకు ఫాస్ఫైడు ఎర, పురుగుమందు పట్టించిన వేరుశనగ విత్తు, విషము తిని చచ్చిన ఎలుక వీటిలో దేనినైనను కుక్క తిని యుండవచ్చును. నోట నురుగు, చొంగ ధారగా కారుట, కంటిపాప సూదిమొనవలె చిన్నదగుట, కండరములు అదరుట పురుగుమందు గుర్తులు. వాంతిలో వెల్లుల్లి వాసనగాని కుళ్ళిన చేపల వాసనగాని వచ్చినచో జింకు ఫాస్ఫైడని అనుమానింపవలెను.

మొదటి అరగంటలో చేయవలసినవి

మొట్టమొదట కుక్కను ఆ కుప్పనుండి తప్పించి, కట్టి, నీడపట్టున ఉంచవలెను. నోటిలో మిగిలిన ముక్కను తీయవలెనన్నచో ముందు కుక్క పూర్తిగా తెలివితో, శాంతముగా ఉన్నదని చూచుకొనవలెను. ఇంటిలోని ఇతర కుక్కలను, పిల్లులను, పిల్లలను కుప్పవద్దకు పోనీయరాదు.

తరువాత నాలుగు సంగతులు కనుగొని కాగితముపై వ్రాసికొనవలెను: ఏమి తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, కుక్క బరువెంత. బరువు తెలిసికొనుటకు మనిషి కుక్కను ఎత్తుకొని కాటాపై నిలబడి, తన బరువును తీసివేసినచో చాలును. తిన్న పదార్థమును, వాంతిని కొంచెము వేరువేరు ప్లాస్టికు సంచులలో కట్టి దాచవలెను. మందు డబ్బా ఉన్నచో దానిని కూడ వెంట తీసికొని పోవలెను. పశువైద్యునకు ఈ చీటీ, ఈ సంచి సగము రోగనిర్ణయము.

పిదప కుక్కను పరీక్షింపవలెను. ఈ పరీక్షలకు ఏ పరికరము అక్కర లేదు.

చిగుళ్ళు: పై పెదవి ఎత్తి చూడవలెను. ఆరోగ్యముగా ఉన్న కుక్క చిగురు గులాబిరంగున తడిగా ఉండును. బొటనవ్రేలితో నొక్కి వదలినచో తెల్లబడి రెండు సెకండ్లలోపల తిరిగి రంగు రావలెను. పాలిపోయినను, పసుపెక్కినను, జిగటగా ఎండినను, రంగు ఆలస్యముగా వచ్చినను ప్రమాదమే. కొన్ని నాటు కుక్కలకు చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా ఉండును. అట్టివానికి కంటి క్రింది రెప్ప లోపలి రంగు చూడవలెను.

చర్మము: భుజముల నడుమ తోలును రెండు వ్రేళ్ళతో ఎత్తి వదలవలెను. వెంటనే సర్దుకొనినచో ఒంట నీరున్నట్లు. డేరావలె నిలిచి మెల్లగా దిగినచో నీరు తగ్గినట్లు.

వేడిమి: కుక్క ఒంటి సహజపు వేడిమి 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీటు వరకు ఉండును. మనిషికి జ్వరమనిపించు వేడి కుక్కకు సహజము. 103.5 డిగ్రీలు దాటినచో జ్వరము.

నడక, తెలివి: పేరుపెట్టి పిలువవలెను. నాలుగడుగులు నడిపించవలెను. తూలుట, వణకుట, వెనుక కాళ్ళు ఈడ్చుట కనిపించినచో ఇంటి వైద్యమునకు తావులేదు.

చేయరాని పనులు

ఉప్పు పట్టరాదు. వాంతి చేయించుటకు ఉప్పునీరు పోయుట మన పల్లెలలో పాత అలవాటు. కిలో బరువునకు సుమారు 4 గ్రాముల ఉప్పు కుక్క ప్రాణము తీయగలదు. అనగా 15 కిలోల కుక్కకు 60 గ్రాములు చాలును. అది పెద్ద గుప్పెడుకంటె ఎక్కువ కాదు. అంతకు తక్కువైనను వణకు, ఫిట్లు తెచ్చును.

నూనె, నెయ్యి, పాలు పోయరాదు. బలవంతముగా పోసిన నూనె ఊపిరితిత్తులలోనికి దిగి న్యుమోనియా కలిగించును. ఉదాహరణములోని కుక్క తెల్లవారి ఆయాసపడుటకు కారణమిదే. ఇదిగాక కొన్ని ఎలుకల మందులు కొవ్వులో కరగును. నూనె, పాలు వాటిని త్వరగా రక్తమునకు చేర్చును. “పాలు విషమును విఱుచును” అను మాట నమ్మదగినది కాదు.

గొంతులో వ్రేలు పెట్టి వాంతి చేయింపరాదు. మత్తుగా ఉన్న, వణకుచున్న, ఆయాసపడుచున్న కుక్క వాంతి చేసినచో అది శ్వాసనాళమున పడును. వాంతి చేయింపవలసిన అవసరము ఉన్నదా లేదా అనునది పశువైద్యుడు నిర్ణయించి, తగిన ఇంజక్షనుతో చేయించును. సాధారణముగా తిన్న రెండు గంటలలోపల అయినచోనే దానివలన ఎక్కువ ప్రయోజనము. కనుక ఇంటివద్ద ప్రయోగములతో ఆ రెండు గంటలు పోగొట్టుకొనరాదు.

పొయ్యి బొగ్గు నూరి పోయరాదు. ఆసుపత్రిలో ఇచ్చునది విషమును పీల్చుకొనుటకు ప్రత్యేకముగా తయారుచేసిన బొగ్గు. పొయ్యిలోని బొగ్గుకు ఆ గుణము లేదు.

మనుష్యుల మాత్రలు వేయరాదు. ఒంటినొప్పులకు వాడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్క కడుపులో పుండ్లు పుట్టించి, మూత్రపిండములను పాడుచేయును. విరేచనములు కట్టు మాత్రలు వేసినచో బయటికి పోవలసిన విషము ప్రేగులోనే నిలిచిపోవును.

ఫిట్లు వచ్చినప్పుడు నోటిలో చెంచా, చేయి పెట్టరాదు. కాలికి తాళపు చెవులు తగిలించుట వలన ప్రయోజనము లేదు. చుట్టునున్న రాళ్ళు, సామానులు తీసివేసి, చీకటిగా చప్పుడు లేకుండ ఉంచి, ఒళ్ళు కాలుచున్నచో తడిగుడ్డతో తుడుచుచు, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

ఇంటివద్ద సంరక్షణ: ఎవరికి, ఎట్లు?

కుక్క పెద్దదై, ఒకటి రెండు సార్లు మాత్రమే వాంతి చేసికొని, తెలివిగా ఉండి, పిలిచిన పలుకుచు, చిగుళ్ళు గులాబిరంగున ఉండి, రక్తము పడకుండ ఉన్నచో, తిన్నది ఎర గాని బూజు పట్టిన పదార్థము గాని కాదని రూఢిగా తెలిసినచో, ఇంటివద్ద ఇట్లు చేయవచ్చును.

మొదటి 6 నుండి 12 గంటలు తిండి పెట్టరాదు. కడుపునకు విశ్రాంతి కావలెను. కాని నీరు మానిపించరాదు. ఒకేసారి గిన్నెడు నీరు పెట్టినచో ఆత్రముగా త్రాగి మరల వాంతి చేయును. అందుచే పావుగంట, ఇరువది నిమిషముల కొకసారి రెండు మూడు చెంచాల నీరు గిన్నెలో పోసి దానంతట దానిని నాకనీయవలెను. ఓ.ఆర్.ఎస్. పొట్లమును, పొట్లముపై వ్రాసిన ప్రకారము కాచి చల్లార్చిన నీటిలో కలిపి అదే విధముగా ఇయ్యవచ్చును. కలిపిన నీరు మరునాటికి వాడరాదు. రెండు గంటలు వాంతి లేకుండ నిలిచినచో మోతాదు కొంచెము పెంచవలెను.

కుక్కకు దినమునకు కిలో బరువుకు సుమారు 50 నుండి 60 మిల్లీలీటర్ల నీరు కావలెను. అనగా 15 కిలోల కుక్కకు సుమారు ముప్పాతిక నుండి ఒక లీటరు. వాంతులు, విరేచనములు ఉన్నప్పుడు ఇంతకంటె ఎక్కువ కావలెను. ఆ నీరు నోటిద్వారా నిలువనిచో సెలైను తప్పదు.

వాంతులు ఆగిన పిదప మెత్తగా ఉడికిన అన్నము మూడు పాళ్ళు, చర్మము, ఎముక లేకుండ ఉడికించిన కోడిమాంసము ఒక పాలు కలిపి, ఉప్పు, కారము, నూనె, తాలింపు లేకుండ పిడికెడు పెట్టవలెను. మాంసము తినని ఇండ్లలో పలుచని గంజియన్నమున కొంచెము తాజా పెరుగు కలిపి పెట్టవచ్చును. పులిసిన పెరుగు పనికిరాదు. దినమునకు నాలుగైదు సార్లు ఇట్లు కొంచెము కొంచెముగా రెండు మూడు దినములు పెట్టి, నాలుగవనాటి నుండి మామూలు కూటిని క్రమముగా కలుపవలెను. కుక్క కుదుటపడినదని మొదటి రాత్రియే కడుపునిండ పెట్టినచో జబ్బు తిరుగబెట్టును.

ఆరు మాసములలోపు కూనలను, చూడి కుక్కలను, పాలిచ్చు కుక్కలను, ముసలి కుక్కలను పస్తుంచి ఇంటివద్ద చూచుకొనుట మంచిది కాదు. కూన ఒంట నీరు, చక్కెర కొద్ది గంటలలోనే తగ్గిపోవును.

జింకు ఫాస్ఫైడు తిన్నదని అనుమానమున్న కుక్కకు అన్నము గాని గంజి గాని అసలు పెట్టరాదు. తిండి పడినచో కడుపులో ఆమ్లము ఊరి, ఆ ఆమ్లము వలననే విషవాయువు పుట్టును. అట్టి కుక్క వాంతి నుండి వచ్చు వాయువు మనుష్యులకు కూడ హాని చేయును. కావున మూసిన గదిలోగాని, తలుపులు బిగించిన కారులోగాని ఉంచక, గాలి ఆడు చోట ఉంచి, గాలి ఆడు బండిలో తీసికొని పోవలెను.

ఆలస్యము చేయక పశువైద్యుని పిలువవలసిన గుర్తులు

(1) నాలుగైదు వాంతులు దాటుట, లేక త్రాగిన నీరు కూడ నిలువకుండుట. (2) వాంతిలోగాని విరేచనములోగాని రక్తము. (3) వణకు, తూలుట, ఫిట్లు, చూపు నిలుపుట. (4) వెనుక కాళ్ళు పడిపోవుట. (5) పొట్ట బిగిసి ఉబ్బుట. (6) చిగుళ్ళు పాలిపోవుట, పసుపెక్కుట. (7) ధారగా చొంగ, చిన్నబోయిన కంటిపాప. (8) ఎర, పురుగుమందు, బూజు పదార్థము తిన్నదని తెలియుట. గుర్తులు ఇంకను రాకపోయినను సరే. (9) ఒక దినము గడచినను కుక్క తిండి ముట్టకుండుట.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో 1962 అను నెంబరునకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనము వారి సలహా పొందవచ్చును. ఆ వాహనము మీ మండలమునకు వచ్చు వేళలను, సమీపపు పశువుల ఆసుపత్రి తెరచు వేళలను జబ్బు రాకముందే కనుగొని గోడపై వ్రాసియుంచుట తెలివైన పని.

ఆసుపత్రిలో నరము ద్వారా సెలైను ఎక్కింతురు. వాంతి ఆగుటకు మందు, వణకు తగ్గుటకు మందు ఇత్తురు. పురుగుమందులలో ఒక తెగకు అట్రోపిన్, రక్తము గడ్డకట్టనీయని ఎలుకల మందులకు విటమిన్ ‘కె-1’ మంచి విఱుగుళ్ళు. రెండవ రకపు ఎలుకల మందు తిన్న కుక్క మూడు దినముల వరకు ఏ గుర్తు లేకుండ తిరుగుచుండి, తరువాత రక్తస్రావముతో పడిపోవును. “నిన్న తిన్నది, నేడు బాగుగానే ఉన్నది” అని విడిచిపెట్టుట అందుచే పొరపాటు. బొట్యులిజమునకు ఎక్కువగా సేవయే మందు. పరుపు వేసి, నాలుగైదు గంటలకొకమారు ప్రక్క మార్చి, నీరు, తిండి జాగ్రత్తగా అందించినచో చాల కుక్కలు రెండు మూడు వారములలో లేచి నడచును. కాళ్ళు పడిపోయినవని తొందరపడి ఆశ వదలుకొనరాదు.

పాడైన ఆహారమని భ్రమపడు రెండు జబ్బులు

మొదటిది పార్వో వ్యాధి. రెండు నుండి ఆరు మాసముల కూన తిండి మాని, వాంతులు చేసికొని, దుర్వాసనగల రక్తపు విరేచనములు చేసినచో “ఏదో తినరానిది తిన్నది” అందురు. చాలసార్లు అది పార్వో. టీకా వేయని కూనలను ఇది చంపును. ఇతర కూనలకు అంటును. ఆరు నుండి ఎనిమిది వారముల వయస్సున టీకా ప్రారంభించి, మూడు నాలుగు వారముల కొకసారి చొప్పున పదునారు వారముల వయస్సు వరకు వేయించినచో ఈ బెడద తప్పును.

రెండవది పిచ్చికుక్క వ్యాధి, అనగా రేబిస్. కుక్క దవడ వ్రేలాడి, చొంగ కారి, మింగలేక, గొంతు మారి ఉన్నచో ఇంటివారు “ఎముక అడ్డుపడినది” అనుకొని నోట చేయి పెట్టుదురు. ఇది ప్రాణమునకు ముప్పు. టీకా లేని కుక్కగాని, ఇటీవల ఇతర కుక్కచే కరవబడిన కుక్కగాని, స్వభావము మారిన కుక్కగాని ఇట్లున్నచో ముట్టక, వీలైనచో దూరమునుండి తలుపు మూసి కదలకుండ ఉంచి, పశువైద్యునకు తెలుపవలెను. కరచినను, గీరినను, చొంగ గాయమున పడినను ఆ చోటును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినమే మనుష్యుల ఆసుపత్రికి పోయి టీకా ప్రారంభింపవలెను. గుర్తులు బయటపడిన తరువాత రేబిస్‌కు మందు లేదు.

కుక్క ఇచ్చు హెచ్చరిక

కుక్కకు వచ్చిన జబ్బు కుక్కతోనే పోవునని తలపరాదు. మన గాదెలోని గింజయే దాని కూడు; మన పెరటి చెత్తయే దాని చిరుతిండి. దానికి పడని ఆహారము మనకు కూడ పడనిదై యుండవచ్చును.

1974 సంవత్సరాంతమున పశ్చిమ భారతమున రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రములలోని కొన్ని ఇరుగుపొరుగు జిల్లాలలో ఒక వింత వ్యాధి వ్యాపించినది. కామెర్లు, పొట్టలో త్వరత్వరగా నీరు చేరుట దాని గుర్తులు. మనుష్యులకే కాక ఆ ఇండ్లలోని కుక్కలకు కూడ అదే వ్యాధి వచ్చినది. వందమందికి పైగా మరణించిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడకు పోయి పరిశీలింపగా, ఆ ప్రజలు తినిన మొక్కజొన్నలో పచ్చబూజు మెండుగా ఉన్నదనియు, అందలి అఫ్లటాక్సిన్ విషమే వ్యాధికి కారణమనియు తేలినది. అకాల వర్షములకు తడిసి, సరిగా ఎండక నిలువచేసిన గింజ అది. బీదవారికి తినుటకు వేరే ధాన్యము లేకపోయెను.

దీనినుండి మనము నేర్చుకొనవలసిన దేమనగా, బూజుపట్టిన గింజను “మనకు వద్దు, కుక్కకు వేయుము”, “పాడిగేదెకు దాణాలో కలుపుము” అనుట పొదుపు కాదు. కుక్క కాలేయము చెడును. గేదె పాలలో ఆ విషము మారురూపున దిగి పిల్లల గ్లాసులోనికి వచ్చును. వండినంతమాత్రమున అది పోదు. ఇంటి కుక్క కండ్లు పసుపెక్కి, పొట్ట ఉబ్బి తిండి మానినచో, కుక్కకు వైద్యము చేయించుటయే కాక, ఆ దినమే గాదె తెరచి గింజను చూచుకొనవలెను.

నివారణ

కుక్కకు దినమునకు రెండు పూటల కడుపు నిండ పెట్టవలెను. కడుపు నిండిన కుక్క పెంటకుప్ప వెదకుట తగ్గును. మిగిలిన కూడు పెట్టునప్పుడు మనము తినదగినదే పెట్టవలెను. కుక్క తిని విడిచిన గిన్నెను కడుగవలెను. ఎండలో మిగిలినదానిని మరుపూటకు ఉంచరాదు.

పెండ్లిండ్లు, జాతరలు, సంతర్పణలు జరిగినప్పుడు విస్తళ్ళు, ఎంగిలి పదార్థములు వేయుటకు ముందుగానే మూడడుగుల గొయ్యి త్రవ్వి, వేసినప్పుడెల్ల మన్ను కప్పవలెను. ఇది ఇద్దరు మనుష్యుల పూట పని. చెత్త యెరువు గుంటకు ముళ్ళకంప కట్టవలెను.

చచ్చిన పశువును, కోళ్ళను ఊరిబయట పారవేయరాదు. పూర్వము రాబందులు కళేబరములను తినివేసెడివి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వలన అవి నశించినవి. పశువులకు ఆ మందు వాడుటను 2006లో నిషేధించిరి గాని రాబందుల సంఖ్య మునుపటివలె కాలేదు. ఇపుడా కళేబరములు కుక్కల పాలగుచున్నవి. అందుచే ఆరడుగుల లోతున, సున్నము చల్లి పూడ్చవలెను. హఠాత్తుగా చచ్చి ముక్కు, నోరు, ఆసనములనుండి నల్లని రక్తము కారు పశువు దొమ్మరోగముతో చచ్చి యుండవచ్చును. దానిని కోయక, తోలు తీయక పశువైద్యునకు తెలుపవలెను.

గొఱ్ఱెను కోసినప్పుడు నీటితిత్తులున్న కాలేయము, ఊపిరితిత్తులు కుక్కకు వేయరాదు. ఆ తిత్తులనుండి కుక్కలో చిన్న బద్దెపురుగులు పెరిగి, వాటి గ్రుడ్లు కుక్క పేడద్వారా మరల గొఱ్ఱెలకు, మనుష్యులకు చేరును. వాటిని పూడ్చవలెను లేదా కాల్చవలెను.

వేరుశనగ కాయను తేమ 9 శాతమునకు, మొక్కజొన్నను 12 శాతమునకు మించకుండ ఎండించి, నేలకు తగులకుండ బల్లలపై నిలువచేయవలెను. బూజుపట్టిన గింజను వేరుచేసి పూడ్చవలెను. ఎలుకల ఎరలను బొరియలలోపల పెట్టి మూయవలెను; మరునాడు చచ్చిన ఎలుకలను, మిగిలిన ఎరను ఏరి పూడ్చవలెను; ఆ రెండు మూడు దినములు కుక్కను కట్టియుంచవలెను.

రైతుల ప్రశ్నలు

ప్రశ్న: కుక్క గడ్డి తినినచో విషము పోవునా?
జవాబు: పోదు. ఆరోగ్యముగా ఉన్న కుక్కలు కూడ గడ్డి తినును. గడ్డి తినుటను వైద్యముగా భావించి వేచియుండరాదు.

ప్రశ్న: నాటు కుక్కకు ఇవేవియు కావని పెద్దలందురు గదా?
జవాబు: బయట తిరుగు కుక్కకు కొన్ని సూక్ష్మజీవులు అలవాటుపడి యుండవచ్చును. కాని బూజు విషము, ఎలుకల మందు, బొట్యులిజము నాటు కుక్కను, సీమ కుక్కను సమానముగనే పట్టును.

ప్రశ్న: దాని వాంతిని అదే తినుచున్నది. తిననీయవచ్చునా?
జవాబు: తిననీయరాదు. బయటపడిన విషము మరల లోనికి పోవును. నమూనా తీసికొని, మిగిలినదానిపై మన్ను వేసి ఎత్తివేయవలెను. పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

ఏమి, ఎంత, ఎప్పుడు తిన్నదో వ్రాసికొనుము. చిగుళ్ళు, చర్మము, నడక చూడుము. ఉప్పు, నూనె, పాలు, మనుష్యుల మాత్రలు ఇయ్యకుము. తెలివిగా ఉన్న పెద్ద కుక్కకు కొంచెము కొంచెముగా నీరు, పిదప మెత్తని అన్నము చాలును. వణకు, రక్తము, పసుపు, పక్షవాతము కనిపించినచో క్షణము ఆలస్యము చేయకుము. చొంగ కారు కుక్క నోట చేయి పెట్టకుము.

ఉదాహరణములోని పెండ్లి ఇంటివారు నడిరేయి ఉప్పు, నూనె పోయక, కుక్కను చల్లని చోట కట్టి, చెంచాలతో నీరు పెట్టి, తెల్లవారగనే ఆసుపత్రికి ఫోను చేసియున్నచో నాలుగవనాటికి అది మరల వాకిట కాపలా యుండెడిది. అంతకంటె ముందు, ఆ విస్తళ్ళపై నాలుగు తట్టల మన్ను వేసియున్నచో ఆ రాత్రి ఎవరికిని నిద్రాభంగము కలుగకపోయెడిది.